మేడం మీద కప్పిన జెండా

మా సోషల్ మేడం పోయింది. ఈ మాట నాకు మోటర్ల చాచా ఫోన్లో చెప్పాడు. ఆదిభట్లలో షిఫ్టు దిగి కంపెనీ బస్సు కోసం నిలబడి ఉన్నాను. "బేటా, మేడం పోయిందిరా. పొద్దుగాల చాయ్ గిలాస చేతిల పట్టుకొని కుర్చీల కూసున్నది కూసున్నట్టే..." అని ఫోన్ పెట్టేశాడు.

ఇబ్రహీంపట్నం చేరేసరికి ఆమెను ఇంకా వాకిట్లోకి కూడా తేలేదు. సందు మలుపులో మాత్రం అప్పటికే ఫ్లెక్సీ లేచింది. 'దేశభక్తికి నిలువెత్తు రూపం, మా గురువుగారికి కన్నీటి నివాళి' అని. మేడం ఫొటో కింద, దానికంటే పెద్దగా, చేతులు జోడించిన మా లీడరన్న ఫొటో. పోయిన ఏడాది ఇదే లీడరన్న ఇదే సందులో పోరగాళ్లను వెంటేసుకొచ్చి, ఆమె గేటు ముందు నిలబడి 'దేశద్రోహి మేడం డౌన్ డౌన్' అని అరిపించాడు. ఏడాది తిరగకముందే ద్రోహి రూపం పోయి భక్తి రూపం ఎట్లా వచ్చిందో నాకు చెప్పగలిగేవాళ్లు ఎవరైనా ఉంటే ముందుకు రావాలి.

పోయినవాళ్ల గురించి మెత్తగా రాయాలంటారు. నాకు చేతకాదు. ఆ సంగతి మేడంకు కూడా తెలుసు. "నువ్వు లీవ్ లెటర్ రాసినా ధర్నా చేసినట్టే ఉంటదిరా" అనేది.

ఆమె మా సర్కారు బడిలో సోషల్ చెప్పింది. రిటైరయ్యాక బస్టాండు వెనక సందులో, చాచా వాళ్ల గోడ పక్క ఇంట్లో ఉండేది. చాచా అంటే మా వైపు బోరు మోటర్లు కాలిపోతే వైండింగ్ చేసే చాచా. మేడం కళ్లద్దాలకు నల్లదారం ఉండేది. తిట్టాలనుకుంటే ముందు వాటిని తీసి మెడలో వదిలేసేది. అద్దాలు కళ్ల మీద ఉన్నంతసేపు మాకు భయం లేదు. పిల్లల మీద చెయ్యి ఎత్తేది కాదు, టేబుల్‌ను కొట్టేది. డస్టర్‌తో ఒక్కటిస్తే ముందు బెంచీ వాళ్ల తలలు తెల్లగా అయ్యేవి. క్లాసు మొదలుపెట్టడం రోజూ ఒకే ప్రశ్నతో: "నిన్న పేపర్ల ఏం చూసిండ్రు?" ఎవడైనా క్రికెట్ అంటే, "చెప్పు మరి. ఎవరు గెలిచిండ్రో చెప్పు, ఆ స్టేడియం ఎవరి భూమిల కట్టిండ్రో గది గూడ చెప్పు" అనేది. అప్పటి నుంచి నేను మ్యాచ్ మనశ్శాంతిగా చూడలేదు.

పంద్రాగస్టు వస్తే జెండా కట్టే పని ఎవరికీ ఇచ్చేది కాదు. ఒకసారి ఆమెకు జ్వరమొచ్చి వేరేవాళ్లు కట్టారు. అతిథి తాడు లాగితే ముడి బిగిసి, జెండా విచ్చుకోకుండా మూటలాగే కిందికి జారింది. మేమందరం నవ్వాం. హెడ్‌మాస్టరు అటెండరు మీదికి పోతుంటే, జ్వరంతోనే వచ్చిన మేడం అడ్డం నిలబడి, "జెండాకు ఏం కాలే సార్. మన పరువుకే అయింది. గవి రెండు వేరే" అన్నది. అప్పుడు నాకు అర్థం కాలేదు. ఇప్పుడు ఊరంతటికీ మైకు పెట్టి చెప్పాలనిపిస్తోంది.

తొమ్మిదో తరగతిలో మాకు వాదన పెట్టింది: జెండాను కాల్చడం నేరంగా ఉండాలా, వద్దా. నేను అప్పటికే కనిపించిన కరపత్రమల్లా చదివి జేబులో పెట్టుకుని తిరిగేవాణ్ణి. లేచి పిడికిలి బిగించి, గుడ్డ ముక్కకు జైలేంది, దేశమంటే మనుషులు అని క్లాసు అదిరేటట్టు మాట్లాడాను. చప్పట్లు కొట్టారు. మేడం కళ్లద్దాలు తీసింది.

"కూసో. మంచిగనే అరిచినవ్. ఒక్కటి చెప్పు. కాల్చినోన్ని జైల్లేయొద్దని కొట్లాడుతున్నవా, నీకే కాల్చబుద్ధయితుందా?"

క్లాసంతా నవ్వింది. వారం రోజులు నేను ఆమెతో మాట్లాడలేదు. ఆమె మాత్రం రోజూ నన్నే లేపి పేపర్లో ఏముందో అడిగింది.

ఇక పోయిన ఏడాది సంగతి. యాచారం వైపు నుంచి భూములు పోయినవాళ్లు వచ్చి చౌరస్తాలో కూర్చున్నారు. వాళ్లలో ఒక పిల్లవాడు, నా ఈడువాడే. తండ్రి అదే భూమిలో బోరు వేయించి నీళ్లు పడకపోయినా అమ్ముకోలేదు. చివరికి సర్కారు అడగకుండానే తీసుకుంది. ఎండలో కూర్చుని కూర్చుని, ఎవరూ వచ్చి మాట్లాడకపోయేసరికి, వాడు టెంటుకు కట్టిన జెండా పీకి నిప్పు పెట్టాడు. పొద్దుగూకేలోపు వాడు లోపల ఉన్నాడు. ఈ దేశంలో జెండాను నలుగురి ముందు కాలిస్తే మూడేళ్ల దాకా జైలు. భూమి గురించి మూడు నెలలుగా పలకనివాళ్లు గుడ్డ గురించి మూడు గంటల్లో పలికారు.

వాడికి జమానత్ ఇచ్చి విడిపించడానికి సొంత బంధువులే జంకారు. మేడం ఇచ్చింది. కోర్టు బయట మైకులు పెట్టి అడిగితే ఆమె చెప్పింది ఇంతే: "కాల్చుడు తప్పు. గని జైల్ల వెయ్యుడు అంతకంటే పెద్ద తప్పు. కోపమొచ్చిన మనిషి ఏం కాలుస్తుండని కాదు, ఏం అడుగుతుండో గది ముందు ఇనుండ్రి."

టీవీలో మొదటి వాక్యం కత్తిరించి మిగతాది వేశారు. మర్నాడే లీడరన్న గేటు ముందుకు వచ్చాడు. ఆయన కూడా మేడం దగ్గరే చదివాడు, నాకంటే చాలా ముందు. గేటు లోపల ఉన్న నేను రాయి అందుకున్నాను. మేడం లోపలి నుంచే, "రాయి కింద పెట్టురా, నా గులాబీ కుండీలు పలుగుతయి" అన్నది. తర్వాత కుర్చీ తెచ్చుకుని గేటు ఇవతల కూర్చుని, వాళ్లు అరిచినంతసేపూ పేపరు చదివింది. అరిచి అరిచి గొంతులు పోయాక లీడరన్నను పేరు పెట్టి పిలిచి, "నీళ్లు తాగి పో, ఎండల వచ్చినవ్" అన్నది. ఆయన తాగకుండా పోయాడు.

ఆ సాయంత్రం అసలు మాట అడిగింది చాచా. గోడ దాటి వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. చాచా తమ్ముడు ఫౌజులో చనిపోయి, ఆ జెండా కిందే ఇంటికి వచ్చాడు.

"మేడం, మీరు పెద్దోళ్లు. మీ మీద నాకు గుస్సా లేదు. గని మా తమ్ముడు దాని కిందనే వచ్చిండు. దాన్ని ఒకడు కాలుస్తుంటే, తప్పులే పాపం కోపమొచ్చిందని నేను చూస్త కూసోవాల్నా? సట్టం వద్దంటే, నా తమ్మునికి నేను ఏం చెప్పాలె?"

నేను నోరు తెరిచాను. మేడం చెయ్యి అడ్డం పెట్టింది. లోపలికి పోయి చాయ్ పెట్టుకొచ్చి, చాచా చేతికిచ్చి అన్నది: "నువ్వడిగిందానికి నా తాన జవాబు లేదు భాయ్. నువ్వు చూస్త కూసోవద్దు. అడ్డం పో, గుంజుకో, వాన్ని తిట్టు, వానితోని వారం రోజులు మాట్లాడకు. గని జెండా కాపలకు పోలీసును పెడ్తే, దానికి మన మీద నమ్మకం లేదన్నట్టు కాదా?" చాచా ఒప్పుకోలేదు. చాయ్ మాత్రం తాగాడు. ఆ తర్వాత కూడా రోజూ గోడ మీద నుంచి పేపరు మారేది. ఒప్పుకోకుండా పక్కపక్కన ఎట్లా బతకాలో నాకు వాళ్లిద్దరూ చూపించారు. నేను నేర్చుకున్నానో లేదో వేరే మాట.

ఇప్పుడు మేడం పోయిన రోజు శ్మశానంలో, అదే మా వైకుంఠధామంలో, జరిగింది చెబుతాను. మేడం బిడ్డ, మేమందరం అక్కా అని పిలిచే ఆమె, వనస్థలిపురం నుంచి వచ్చి ఏడ్చి ఏడ్చి సోలిపోయి ఉంది. లీడరన్న వాకిట్లోకి వచ్చి, "అక్కా, జరిగిందంతా మర్చిపోదాం. మేడంను జెండా కప్పి గౌరవంగ సాగనంపుదాం" అన్నాడు. అక్క తలూపింది. ఆ స్థితిలో ఎవరు ఏం అడిగినా తలూపేది. పెద్ద జెండా తెచ్చి కప్పారు. లీడరన్న ఏడ్చాడు. అది నటన కాదు, దగ్గరగా చూశాను. ఫోన్లు మాత్రం లైవ్‌లో ఉన్నాయి.

సర్కారు లాంఛనాలు లేని మామూలు చావులో శవం మీద జెండా కప్పడం అదే చట్టం కింద నేరం. లాంఛనాలతో చేసినా నిప్పు పెట్టే ముందో, మట్టి ఇచ్చే ముందో తీసి మడవాలి. ఇది నేను కరపత్రంలో చదివాను, చాచా తన తమ్ముని చావు నాడు చూశాడు. వైకుంఠధామంలో పాడె దింపారు. కట్టెలు పేరుస్తున్నారు. జెండా తీయలేదు. నేను ఉరికాను.

"జెండా తీయుండ్రి! కాలుతది!"

ఇద్దరు నన్ను పట్టుకున్నారు. "ఏందిరా, సచ్చినంక గూడ మేడంకు గౌరవం దక్కనియ్యవా? ఇంత మంటనా నీకు?"

చాచా చేతులు జోడించి ముందుకు పోయాడు. "బేటా, గట్ల కాల్చొద్దు దాన్ని. జర తీసి మడవుండ్రి. నేను మడుస్త, నాకు తెల్సు."

"ఓ చాచా," అన్నాడు వాళ్లలో ఒకడు, మీసం కూడా సరిగ్గా రానివాడు, "జెండా సంగతి నువ్వు చెప్తే మేం ఇనాల్నా? పక్కకు జరుగు."

చాచా జరిగాడు. రెండు అడుగులు, జోడించిన చేతులతోనే. డప్పుల చప్పుడులో ఇదేదీ అక్కకు వినపడలేదు. ఆమె నిప్పు పెట్టింది. ముందు పూలు ముడుచుకున్నాయి, తర్వాత కాషాయం, తెలుపు, చక్రం, ఆకుపచ్చ. 'మేడం అమర్ రహే' అని చప్పట్లు కొట్టారు. నలుగురి ముందు, లైవ్‌లో, జెండాను కాల్చి చప్పట్లు కొట్టారు.

నా ఫోన్లో వీడియో ఉంది. మొహాలు కనిపిస్తాయి. ఆ రాత్రి నేను పడుకోలేదు. యాచారం పిల్లవాడు ఇంకా వాయిదాలకు తిరుగుతున్నాడు. వీళ్లు కూడా తిరగాలి. మర్నాడు పొద్దున్నే చాచా నా దగ్గరికి వచ్చాడు.

"కేసు పెట్టుదాం. నా పేరు మీద పెడ్తే మల్ల గదే మాట అంటరు. నీ పేరు మీద పెట్టు. గవాయి నేను వస్త, సాక్ష్యం చెప్త."

"పెడ్త చాచా," అన్నాను. చొక్కా వేసుకున్నాను. ఇద్దరం బండి మీద కూర్చున్నాం కూడా. కిక్కు కొట్టబోతుంటే నోట్లోంచి వచ్చింది: "చాచా, నిప్పు పెట్టింది అక్క కదా."

"ఆమెకు తెల్వదు."

"లీడరన్నకు తెలుసా మరి?"

చాచా వెనక నుంచి, "యాచారం పోరనికి తెలుసు కదా?" అన్నాడు.

"తెలుసు. వానికి కడుపు కాలింది."

"నాకు కాల్లేదా?" అన్నాడు చాచా. "వాడు నన్ను పక్కకు జరుగుమన్నప్పుడు?"

మేడంలాగ చాయ్ పెట్టివ్వడం కూడా నాకు రాదు. బండి దిగాను. పెట్టను చాచా అన్నాను. ఆయన నా మొహం చూసి, చెప్పులేసుకుని నడిచి వెళ్లిపోయాడు.

నా మనసు మెత్తబడిందని ఎవరూ అనుకోవద్దు. లీడరన్నా, ఈ పత్రిక నీకు ఎవరో ఒకరు తెచ్చిస్తారు, చదువు. నువ్వు కాల్చింది జెండానే. నిన్ను జైలుకు పంపే కాగితం నా చేతిలో ఉండి కూడా నేను రాయలేదు. నువ్వు ఎవరిని ద్రోహి అన్నావో ఆమె మాట వల్ల నువ్వు బయట ఉన్నావు. ఆమె ఉంటే నిన్ను బెంచీ ఎక్కించి, జెండా పాఠం మళ్లీ మొదటి నుంచి చెప్పేది, అంతే. మరి ఆ పిల్లవాడికి కూడా అంతే దక్కాలి కదా? తెలియక కాల్చినవాడికి చప్పట్లు, తెగించి కాల్చినవాడికి వాయిదాలు అయితే, ఆ చట్టం కాపాడేది జెండాను కాదు. అది పోవాలి. కాల్చడం సిగ్గు పడాల్సిన పనిగా ఉండాలి, నేరంగా వద్దు. మీరు చాచాను సిగ్గు లేకుండా పక్కకు జరిపారు చూడండి, దానికి ఏ చట్టమూ లేదు. అసలు అవమానం అది.

మేడం మీద కూడా నాకు కోపం ఉంది. మనిషి పోయాక కూడా చెయ్యి పట్టుకుని ఆపేంత పాఠం ఎవరు చెప్పమన్నారు? చెప్పింది చెప్పి, చాచాకు జవాబు మిగల్చకుండా పోయింది.

నిన్న చాచా షాపుకు పోయాను. ఎవరిదో బోరు మోటరు విప్పి ఉంది. రాగి తీగ చుడుతున్నాడు. స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుని, "చాచా" అన్నాను. ఆయన తలెత్తలేదు. చుట్లు లెక్కపెడుతున్నాడు, నాకు వినపడేంత గట్టిగా, నేను మాట్లాడటానికి సందు ఇవ్వకుండా. నేను కూర్చునే ఉన్నాను. ఒక దగ్గర ఆగాడు. లెక్క తప్పింది. చాచా నా వైపు చూడకుండానే, చుట్టిన తీగంతా మెల్లగా విప్పి, "ఏక్" అని మళ్లీ మొదలుపెట్టాడు.