మా సార్ చెప్పిన వైకింగులు

పాఠకులు నన్ను క్షమించాలి. చరిత్రలో ఏనాడూ నలభై మార్కులు దాటనివాడు చరిత్ర మాస్టారి గురించి రాయడం ఘోరాపచారం. ఏ శిక్ష వేసినా ఏసీ గదిలో అనుభవించడానికి సిద్ధం. విషయం ఇదీ: మా హిస్టరీ సార్ మొన్న గురువారం రాజమండ్రిలో నిద్రలోనే పోయారు.

గల్ఫ్‌లో, ముసఫ్ఫాలోని మా స్కూల్లో ఆయన ఇరవై ఏళ్ళు ఇంగ్లండు చరిత్ర చెప్పారు. బయట నలభై ఆరు డిగ్రీలున్నా స్వెట్టర్ విప్పేవారు కాదు, ఏసీ పడదు. బోర్డు మీద ఇంగ్లండు గీస్తే గోంగూర కట్టలా ఉండేది. ఆ కట్ట మీదికి వైకింగులనే సముద్రపు దొంగల పడవలొచ్చేవి, మఠాలు తగలబడేవి. సార్ గొంతు మాత్రం లేచేది కాదు. తేదీలు అడిగేవారు కాదు.

"మర్నాడు ఆ సన్యాసులు ఏం తిన్నారురా?"

"తెలీదు సార్."

"నాకూ తెలీదు. ఆలోచించండి."

దోచుకోవడానికి వచ్చినవాడు పొలం దున్నుకుంటూ ఉండిపోయాడే, అసలు పాఠం అక్కణ్ణుంచి మొదలవుతుంది అనేవారు.

కోవిడ్ తర్వాత స్కూలు తెరిచిన యేడు, నా పదకొండో తరగతిలో, తనిఖీకి ఒక మేడమ్ వచ్చింది. సార్‌కి అరవై నిండుతున్నాయి. కాంట్రాక్టు పొడిగిస్తారా, ఇంటికి పంపుతారా అన్నది ఆవిడ రిపోర్టు మీదే ఉందని స్కూలందరికీ తెలుసు. ఆ రోజు పాఠం: ఇంగ్లండులోని క్రైస్తవులు, ఆంగ్లో-సాక్సన్లతో వ్యాపారం చేయాలనుకున్న వైకింగులు శిలువ గుర్తు వేయించుకునేవారు. పూర్తి బాప్తిస్మం కాదు. సొంత దేవుళ్ళనూ వదిలేవారు కాదు. ఎందుకలా అని సార్ అడిగారు.

నేను లేచి గంభీరంగా, "రెసిడెన్సీ వీసా సార్. పనున్నన్నాళ్ళే దేవుడు. పనైతే ఖలాస్, క్యాన్సిల్" అన్నాను.

క్లాసు గొల్లుమంది. మేడమ్ నవ్వలేదు. "మతం గురించి ఇలా మాట్లాడమని ఎవరు నేర్పారు?"

"సారే చెప్పారు మేడమ్."

సార్ కళ్ళద్దాలు తీసి స్వెట్టర్ అంచుతో తుడుచుకున్నారు. "అవునండి, నేనే చెప్పాను."

కాంట్రాక్టు పొడిగించలేదు. వెళ్ళిపోయే ముందు స్కూలు బస్సు దగ్గరికొచ్చి నా భుజం తట్టారు. "ఒరేయ్, నీకు మాట బాగా తడుతుంది. దాన్ని మోయడం కూడా నేర్చుకో. యల్లా, ఎక్కు."

ఇప్పుడు పాత విద్యార్థుల గ్రూపులో ఆయన ఫొటో కింద అందరూ ఆ వీసా మాటే పెడుతున్నారు, సార్ చెప్పిన గొప్ప మాట అని. కింద వరసగా దండాలు. నేనూ ఒకటి పెట్టాను.

ఆ మాట సార్ ఎన్నడూ అనలేదు. అప్పటికప్పుడు నా నోట్లో పుట్టింది. మేడమ్ అడగ్గానే భయమేసి ఆయన మీదికి నెట్టేశాను.