పిరికి పిన్ని దాచిన చోటు

మా పిన్నిని కొండ మీద అందరూ పిరికి పిన్ని అనే పిలుస్తారు. చాటుగా కాదు, ఎదురుగానే. ఆవిడా పలుకుతుంది. కుక్కంటే భయం, ఉరుమంటే భయం, డాక్టరంటే మరీ భయం. తన నీడకి తనే ఉలిక్కిపడే మనిషి ఇన్నేళ్లు కుట్టుమిషను ముందు కూర్చుని సూది కింద వేలు పెట్టకుండా ఎలా నెట్టుకొచ్చిందో నాకు ఎప్పటికీ అర్థం కాదు. జాకెట్టు కొలతలివ్వడానికి వెళ్లేవాళ్లు గుమ్మంలో ముందు దగ్గి, ఆ తర్వాతే లోపలికి అడుగు పెట్టేవారు.

ఆవిడకి ఒక్కడే కొడుకు. నేను పుట్టకముందు, జ్వరాల ఏడాదిలో పోయాడు. ఆ ఏడు కొండ మీద చాలా ఇళ్లలో పసిపిల్లలు పోయారు. వాళ్లని ఎక్కడ పెట్టారో మా అమ్మకి కూడా తెలియదు. దానికో కారణం ఉంది. అంతకుముందు గని వాళ్లు వచ్చి, మీ సమాధులెక్కడో చూపించండి, అవి వదిలేసి తవ్వుకుంటామన్నారు. మావాళ్లు నమ్మి చూపించారు. రాయి అక్కడే పైకి దొరుకుతోందని తేలింది. అక్కడే తవ్వారు. అందుకని పిల్లల్ని పెట్టినప్పుడు ముగ్గురు ఆడవాళ్లే వెళ్లారు, గుర్తుకి గులకరాయి కూడా ఉంచలేదు. ఆ ముగ్గురిలో ఇద్దరు పోయారు. మిగిలింది మా పిన్ని. ఇంత బరువు తీసుకెళ్లి ఈవిడ నెత్తినా పెట్టడం అని నేను నవ్వితే మా అమ్మ నన్ను కసిరింది.

కొండ మొదటినుంచీ మాది. దిగువన గని కాలనీ, పని కోసం ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లు. వాళ్ల మాట వేరు, మా మాట వేరు. ఒక తరం పాటు ఉప్పూ నిప్పూలా ఉన్నాం. కానీ ఆసుపత్రి ఇద్దరికీ కొండ అవతలే. కాలనీలో క్యాంటీన్ నడిపే అక్క కోడలు కాన్పు నొప్పులతో చుట్టు దారిన వెళ్తూ జీపులోనే బిడ్డని పోగొట్టుకుంది. ఆ తర్వాతే ఇరువైపుల వాళ్లూ కలిసి వెళ్లి రోడ్డు అడిగారు.

వచ్చిన ఇంజనీరమ్మ మంచిది, ఆ మాట చెప్పుకోవాలి. గీత మేం గియ్యం, మీరే గియ్యండి అంది. కొండవాళ్లు ఒప్పుకోనిదే గునపం పడదని అందరి ముందూ మాటిచ్చింది. నాది ఆవిడ రోడ్ల ఆఫీసులోనే ఉద్యోగం. ఇటు మాట అటు, అటు మాట ఇటు చేరవెయ్యడం. బడి గదిలో బల్లలు పక్కకి నెట్టి, నేల మీద తడిమట్టితో కొండ బొమ్మ చేశాం. వాగు అక్కడ కాదు, ఇంకా ఇవతల అని కాలనీ వాళ్లంటే, మీరొచ్చాక పుట్టిందా వాగు అని మావాళ్లు దెప్పేవారు. దెప్పుకుంటూనే ఒకరు మట్టి తెస్తే ఇంకొకరు అద్దేవారు. రోడ్డుకి బదులు పురికొస. నచ్చకపోతే తీసి ఇంకోచోట వెయ్యడమే.

పిన్ని రోజూ వచ్చి గోడకి ఆనుకుని కూర్చునేది. ఎందుకొచ్చావంటే ఊరికే అనేది.

ఆ మధ్యాహ్నం పురికొసకి మెత్తటి వాలు దొరికింది. కాలనీ నుంచి ఆసుపత్రి దాకా తిన్నగా కూర్చుంది. అందరూ చప్పట్లు కొట్టారు. పిన్ని మొహం చూస్తే కత్తివేటుకి నెత్తురు చుక్క లేదు. లేచి బయటికి వెళ్లి కుళాయి దగ్గర కక్కుకుంది. వెనకే వెళ్లి వీపు నిమిరాను.

"పిన్నీ, పిల్లల చోటు ఆ దారిలోనే ఉందా?"

నా మెడలో వేలాడుతున్న ఆఫీసు కార్డు వైపు చూసింది. "నాకేం తెలీదమ్మా," అంది.

నాకు ఒళ్లు మండింది. నేనేమన్నా పరాయిదాన్నా? ఇంటికి వెళ్తూ ఆలోచిస్తే కోపం పోయి భయం పట్టుకుంది. ఆవిడ నోరు విప్పితే చోటు తెలిసిపోతుంది. విప్పకపోతే తవ్వే బండి వచ్చేస్తుంది, దాని పళ్ల సందున ఏం పైకొస్తుందో అందరూ చూస్తారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఆఖరి మాట అనుకునే రోజు గది నిండిపోయింది. కొండవాళ్ల తరఫున మాట్లాడే మా పెద్దమామయ్య ఎవరికైనా అభ్యంతరం ఉందా అని మామూలుగా అడిగాడు. పిన్ని లేచింది. మట్టికొండ దగ్గరికి నడిచింది. వంగి పురికొస పట్టుకుంది. పురికొస పొడుగునా వణికింది. మొత్తం పైకి తీసేసింది.

ఇటు వద్దంది. ఎందుకు వద్దో ఇంజనీరమ్మ మెల్లిగా అడిగింది. చెప్పనంది. మావాళ్లే ఒకరిద్దరు, చెప్తే గట్టిగా చెప్పు, లేకపోతే కూర్చోమని విసుక్కున్నారు. క్యాంటీనక్క కొడుకు, బిడ్డని పోగొట్టుకున్నవాడు, లేచి నిలబడ్డాడు. గనిలో క్రేన్ నడిపే మనిషి, భారీ గొంతు. ఏ కారణమూ లేకుండా వద్దంటే నా బిడ్డ పోయిన దారినే మళ్లీ పొమ్మంటారా అన్నాడు. అతనిదీ న్యాయమే. నేను పిన్ని తరఫున ఏదో అనబోయాను. ఆవిడ నా వైపు చూసిన చూపుకి నా నోరు మూతపడింది.

"చెప్పిన చోటల్లా తవ్వారు బాబూ," అంది పిన్ని. "ఈ రోడ్డు వాళ్లు మంచివాళ్లే. వీళ్ల తర్వాత వచ్చేవాళ్లెవరో నాకు తెలీదు."

పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. ఆ మాటలు ఎలా బయటికొచ్చాయో దేవుడికెరుక. ఏడుస్తుందనుకున్నాను గాని ఏడవలేదు.

క్యాంటీనక్క తన కొడుకుని కూర్చోబెట్టి ముందుకొచ్చింది. అక్కడ ఏముందని అడగలేదు. ఎంత మేర వదలాలో చెప్తే చాలంది. పిన్ని చేతులు చాపబోయి, మళ్లీ ముడుచుకుంది. అది చూపించినా చెప్పినట్టే కదా. అక్కకి అర్థమైంది. తనూ ఎక్కడో ఎవరినో మట్టిలో పెట్టి వచ్చిన మనిషే. మట్టి బీటలు వారకుండా బొమ్మ మీద కప్పే తడిగుడ్డ తీసి, వాగు నుంచి శిఖరం దాకా కొండ నడుమంతా పరిచేసింది.

"ఇదంతా వదిలేద్దాం. ఇందులో ఏది ఎక్కడుందో మాకక్కర్లేదు."

అలా అయితే రోడ్డు మన వీధిలోంచే పోవాలి, మన అరుగులు పోతాయి, పైగా నిట్టనిలువు మలుపులు అన్నాడు కొడుకు. పోతే పోనీరా అంది. అప్పుడు పెద్దమామయ్య, కారణం ఆవిడ ఒక్కదానిది, వద్దన్న మాట మా అందరిదీ అని తేల్చేశాడు. ఇంజనీరమ్మ ఇంకేమీ అడగలేదు.

రోడ్డు అలాగే పడింది. కాలనీలో ముందు వరస ఇళ్లకి అరుగులు లేవిప్పుడు. నాకు బెంగ తీరింది గాని పిన్నికి కొత్త భయం పుట్టింది. అంబులెన్సు కూత వినపడితే మిషను ఆపేస్తుంది. మలుపులు దాటి అవతలికి చేరిందని కబురొచ్చేదాకా పచ్చి మంచినీళ్లు ముట్టదు. ఆ దారిలో ఎవరి ప్రాణమైనా పోతే తన మూలంగానే అని.

క్యాంటీనక్క కోడలికి మళ్లీ నొప్పులొచ్చిన రోజు పిన్ని వీధిలో, దుమ్ములో చతికిలబడింది. ఎవరు లేపినా లేవలేదు. ఆడపిల్ల పుట్టింది, తల్లీబిడ్డా బాగున్నారని ఫోనొచ్చాక అక్కడే కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది.

ఆ వారంలోనే నన్ను కొండ మీదికి రమ్మంది. పుల్లలేరుకునేవాళ్లలా తిరుగుతూ వెళ్లాం. వేలు పెట్టి ఏదీ చూపించలేదు. నడుస్తూ నడుస్తూ ఆగేది, గొణిగినట్టు ఒక పసిపేరు చెప్పేది, మళ్లీ నడిచేది. ఒకచోట మాత్రం ఆగి కదల్లేదు.

"వీడు మీ అన్న," అంది.

నాకెందుకు చెప్పావు పిన్నీ, నేను ఆ ఆఫీసు మనిషినే కదా, రేపు ఎవరైనా నిలదీస్తే ఏం చెయ్యను అన్నాను.

"భయపడు," అంది. "భయపడితే చెప్పవు."

చాలా ఏళ్లకి తెల్లారేదాకా నిద్ర పట్టిందని మర్నాడు పిన్ని చెప్పింది. నాకు పట్టలేదు.