నడి ఆకాశంలో కొసరు

మా బావంటే నాకు మొదటి నుంచీ పడదు. అక్క మొగుడు కాబట్టి ఊరుకున్నాను. విరుదునగర్‌లో పప్పుల వ్యాపారం, ఇంట్లో కంప్యూటర్, కరెంటు పోయినా ఆగకుండా దానికో బ్యాటరీ. కోవిల్‌పట్టిలో నా గదిలో ఫ్యాను తిరిగితే అదే గొప్ప. అందుకే ప్రతి ఆదివారం బస్సెక్కి ఆయన గడప తొక్కేవాణ్ని. "వచ్చినాడప్పా పైలట్టు. ఇంగ నా కరెంటంతా మేస్తాడు" అనేవాడు. వినపడనట్టు కూర్చునేవాణ్ని. అవసరం నాది.

నా పిచ్చి విమానాల సిమ్యులేటర్, అంటే కంప్యూటర్లో నిజం విమానంలాగే నడిపే ఆట. ఎగరడం, దిగడం ఎవడైనా చేస్తాడు. నాకు కావాల్సింది పది గంటల దూరాన్ని వీలైనంత తక్కువ ఇంధనంతో దాటడం. మిల్లులో గుమాస్తా పని చేస్తూ మధ్యాహ్నాలు కాగితం మీద లెక్కలు వేసేవాణ్ని. ఎదురుగాలి ఎక్కడ తగులుతుంది, ఎంత బరువు తగ్గాక ఇంకా పైకి ఎక్కాలి, దిగేచోట మబ్బు పడితే పక్క ఊరికి పోవడానికి ఎంత మిగలాలి. భయపడి ఎక్కువ పోసుకుంటే ఆ ఎక్కువను మోయడానికే మళ్లీ ఇంధనం తగలడుతుంది. ఈ సంగతి మావాళ్ల బుర్రకెక్కదు. మా నల్లరేగడి ఊళ్లలో ఏది కొలిచినా పైన గుప్పెడు కొసరు వేయాల్సిందే. కొలతకు సరిగ్గా ఆపినవాడి ఇంట గింజ నిలవదంటారు.

ఇంటర్నెట్లో నాలాంటి పిచ్చివాళ్ల గుంపు ఒకటి ఉండేది. వాళ్ల దూరప్రయాణాల జట్టులో చేరాలంటే చెన్నై నుంచి లండన్‌కు పరీక్ష, లేచేముందు పోసుకున్న ఇంధనంతోనే. సిమ్యులేటర్ తనంతట తాను రాసుకునే చిట్టాను వాళ్లకు పంపాలి. రెండుసార్లు తప్పాను. మూడోసారీ తప్పితే ఇక ఎప్పటికీ చోటు లేదు. నవ్వితే నవ్వండి, నా బతుకులో నేను సొంతంగా గెలవాలనుకున్నది అదొక్కటే.

ఆ ఆదివారం పొద్దున్నే చెన్నైలో విమానం లేపాను. అంతా లెక్క ప్రకారమే పోతోంది. మధ్యాహ్నం అక్క పిలిస్తే లోపలికెళ్లి నాలుగు ముద్దలు తిని వచ్చాను. చూస్తే, పైకి ఎక్కాల్సిన చోట విమానం మొరాయిస్తోంది. ఇంధనం నా లెక్క కంటే ఎంతో ఎక్కువ చూపిస్తోంది. పక్కనే బావ నిలబడి ఉన్నాడు.

"ఎవురు ముట్టినారు దీన్ని?"

"నేనే. పెట్రోలు సగానికి వచ్చేసుండె. లోపల మున్నూరు మంది ఉండారంటివే. సముద్రం మీద ఎండిపోతే ఎవురు పోస్తారు? రవంత కొసరు పోస్తిని."

"నీకెట్ల తెలిసె?"

"వారం వారం నువ్వు మీటలు కొట్టేది వెనకాల నిలబడి చూస్తానే ఉంటిని గదా."

గాలిలో ఇంధనం కలిపినట్టు చిట్టాలో పడిపోయింది. అది తుడిచినా పోదు. నా నోరు అసలే మంచిది కాదు. "తక్కెడ పట్టుకునే మొహానికి ఆకాశం సంగతి ఎందుకు? నా కొంప కూల్చేదానికే కాచుకోనుంటివి" అన్నాను. అక్క ముందరే అన్నాను. బావ వరండాలోకి పోయాడు.

అయినా చిట్టా పంపాను. గుంపువాళ్ల జవాబు రెండు వాక్యాలు. మోసగాళ్లకు తావు లేదు, మళ్లీ రాయవద్దు. మా బావ చేశాడని రాస్తే ఎవడు నమ్ముతాడు?

ఆ ఇంటికి మళ్లీ పోలేదు. "నీ మంచికే చేసినాడురా" అని అక్క ఇప్పటికీ ఫోన్లో అంటుంది. నాకు మంట పుట్టేది అక్కడే. అన్నేళ్లలో ఆ మనిషి నేను అడక్కుండా నాకు పెట్టింది ఆ కొసరొక్కటే.