పూలు ఆమెవి, పేరు అల్లుడిది

తిరుత్తణి కొండ మెట్ల దగ్గర పూలమ్మే ఆమె మంగళవారం పొద్దున పోయింది. షుగరు ముదిరి, కాలి పుండు మానక, ఆసుపత్రికి చేర్చేసరికే ఆలస్యమైందట. చావింట్లో కూర్చున్నవాళ్లు ఆమె అల్లుణ్ణి మెచ్చుకుంటున్నారు. "పూలకొట్లో ఫోను స్కాన్ పెట్టించి యాపారాన్ని నిలబెట్టినాడు" అని. నాకు ఒళ్లు మండింది.

ఇరవై ఏళ్లు ఆమె దగ్గరే పూలు కొన్నాను. మోచేతితో మూర కొలుస్తుంటే నేను కళ్లప్పగించి చూసేదాన్ని. "అంత అనుమానమైతే నీ చేత్తోనే కొలుచుకో అక్కా, నీ చెయ్యి పొడుగు" అని నవ్వేది. ఎవరు కొలిచినా చివర బెత్తెడు కొసరు కలిపి తుంచేది.

స్కాన్ అట్ట ఆమె కోరి పెట్టుకున్నది కాదు. మనం పెట్టించాం. ఆడికృత్తిక తిరనాళ్లకు వచ్చిన జనం "స్కాన్ లేదా?" అంటూ పక్క కొట్టుకు పోతుంటే, అల్లుడు తెచ్చి తగిలించాడు. అది మనకెందుకు నచ్చిందో ఒప్పుకుందాం. చిల్లర వెతకక్కర్లేదు. రద్దీలో పర్సు తియ్యక్కర్లేదు. వెనకున్నవాడు విసుక్కోడు. మనవరాలు నేర్పాక నాకు ఇంకో కారణం దొరికింది: ఇచ్చిన ప్రతి రూపాయినీ ఫోనే రాసిపెడుతుంది, నా పద్దు పుస్తకంతో పైసా తేడా రాదు.

బోణీ నాదైన రోజు ఆమె నోటును కళ్లకద్దుకునేది. స్కాన్ వచ్చాక నోటు లేదు గనక, "ఫోను ఇట్టా తే అక్కా" అని నా ఫోన్ను కళ్లకద్దుకునేది. డబ్బు ఎవరికి చేరిందో ఆ తెర మీదే ఉండేది. అల్లుడి పేరు. ఆమెకు చదువు రాదు. నాకు వచ్చు. ఏం లాభం?

పోయిన నెల ఒకరోజు, "ఈసారికి నోటుగా ఇయ్యక్కా, మాత్రలు కొనల్ల" అంది.

"స్కాన్ ఉంది కదా, నోటెందుకు?"

"దాంట్లో పడింది నాకు యాడొస్తాది? అడిగితే రేపంటాడు."

"గట్టిగా అడుగు. నీ డబ్బే కదా" అని పాఠం చెప్పి, నా లెక్క చెడకుండా స్కాన్ చేసి వచ్చాను. ఆమె పట్టుబట్టలేదు. కొసరు కూడా తగ్గించలేదు.

చావింట్లో ఆమె కూతురు నా పక్కన కూర్చుని గొంతు తగ్గించింది. "మాత్రలు అయిపోయి నెల దాటింది పెద్దమ్మా. అమ్మ టీ తాగాలన్నా ఆయన్నే అడగల్ల." ఆ అల్లుడు అప్పుడే వాకిట్లో అందరికీ టీలు తెప్పించి, ఫోన్లో డబ్బు వేస్తున్నాడు. నేనా టీ ముట్టలేదు.

ఇప్పుడు ఏ కొట్టులోనైనా డబ్బు పంపే ముందు పేరు పైకి చదువుతున్నాను. నిన్న రైల్వే స్టేషన్ బయట జామకాయలమ్మే ఆమెను, "ఈ పేరు ఎవరిదమ్మా?" అని అడిగాను.

"మా ఇంటాయనది. నాదెందుకుంటాది?" అని నవ్వింది.

"అయితే నోటు తీసుకో."

"తొందరగా కానీ అవ్వా, రైలొస్తాంది!" అన్నాడు వెనకున్నాయన.

"రానీ" అన్నాను.

ఆమె తడిచేతిని చీరకు తుడుచుకుని నోటు అందుకుంది. అటూ ఇటూ చూసింది. నాలుగు మడతలు పెట్టి రవికెలో దోపుకుని, పైన కొంగు సర్దుకుంది.