కృపమణి కడిగిపెట్టిన బండ

జ్ఞానప్పస్వామి క్రైస్తవ సన్యాసి. జపతపాలకు పోగా మిగిలిన పొద్దంతా కర్నూలు, కడప జిల్లాల పాత చర్చీల్లో రాళ్ళ మీది రాతలకు అచ్చులు తీసేవాడు. తడికాగితం రాతిమీద పరిచి, కుంచెతో తట్టి అక్షరాల గుంతల్లోకి దించి, పైన మసి అద్దేవాడు. రాజుల శాసనాలను చూసుకోవడానికి సర్కారువాళ్ళున్నారు. ఈ రాళ్ళకు ఆయన తప్ప దిక్కెవరు? లాటిన్ బాగా చదువుకున్నాడు. ఆ చదువే ఆయన చేత తప్పు చేయించింది.

1953లో బనగానపల్లె అవతల ఒక పల్లెకు పోయాడు. చర్చిలో పీఠం ముందర విదేశీ మతగురువు సమాధి, దానిమీద లాటిన్ రాత. వాకిట్లో, చెప్పులు విడిచేచోట, అరిగిపోతున్న తెలుగు రాతతో ఒక నాపబండ. చర్చి ఊడ్చే కృపమణి దాన్ని కడిగి పెట్టింది.

"సామీ, ఇది మా జేజినాయన తాత సమాధిబండ. గురువులు రాని కాలంలో ముప్పై ఏండ్లు ఈడ జపాలు చెప్పించినాడంట. మమ్మల్ని పెద్దరెడ్డోళ్ళు ఇంకా గడపకాడే కూసోబెడతాండారు. నువ్వు కాగితమ్మీదికి ఎక్కిస్తే ఎవురూ కాదనలేరు."

"చేద్దాంలేమ్మా."

చివరికి ఒక్క కాగితం మిగిలింది. ముందు తీసిన లాటిన్ అచ్చులో ఒక మూల మసి అలుక్కుపోయింది. ఆ రాత ఎప్పుడో పుస్తకాల్లోకి ఎక్కిందే. అయినా మనసొప్పక, ఆ కాగితం దానికే పెట్టాడు.

"సచ్చినోళ్ళలో గూడా దొరలకే ముందా సామీ?" అని నవ్విందామె. ఆయనా నవ్వాడు.

మరుసటేడు వచ్చేసరికి వాకిట్లో కొత్త బండలు.

"ఆ పాతదా? చెక్కి సాపు చేసి దొడ్డి మెట్టుకేసినాం సామీ. శానా మంచి రాయి!" అన్నాడు బండలు పరిచిన ఏసేపు, మెప్పు కోసం చూస్తూ.

నాపరాయి పొరలు పొరలుగా లేస్తుంది. ఎన్ని యుగాల బురద గట్టిపడితే ఒక పొరైందో! పోవడానికి మాత్రం ఒక పూట ఉలిదెబ్బలు చాలు. స్వామి మోకాళ్ళమీద కూర్చుని మెట్టంతా తడిమాడు. వేలికి ఒక్క గుంతా తగల్లేదు.

"పేరన్నా చదివింటివి కదా సామీ?" అంది కృపమణి.

లాటిన్ రాత ఆయనకు కంఠతా వచ్చు. ఈ బండ ముందు మాత్రం ఒక్క నిమిషం కూర్చోలేదు.

"లేదు తల్లీ."

ఆమె ఆ మెట్టుమీదే కూర్చుంది. తర్వాత, తన అవ్వ చెప్పగా విన్నదంతా తానే చెప్పింది. పేరు రాయన్న, ముప్పై ఏండ్లు జపాలు, కరువులో గంజి పోయించడం. స్వామి రాసుకున్నాడు. కింద ఇంకో వాక్యం కూడా రాయక తప్పలేదు: "ఇది విన్నమాట. నేను రాయి చదవలేదు."

"ఏం రాసినావు, చదువు సామీ."

ఆ చివరి వాక్యం కూడా చదివి ఆగాడు.

"అంతేనా?"

"అంతేనమ్మా."

కృపమణి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "పా సామీ," అంటూ లేచింది. "మమ్మల్ని గడపకాడ కూసోబెట్టే పెద్దరెడ్డికి గూడా ఇట్లే చదివి చెబుదువు."