పన్నెండు గొంగడి గొర్రెలు

వికారాబాద్ నుంచి తాండూరు వెళ్లే పొద్దుటి రైలులో కూర్చోవడానికి చోటు దొరికితే సుమిత్ర కుట్టుపని చేసుకుంటుంది. దొరక్కపోతే కడ్డీ పట్టుకుని నిలబడే కునుకు తీస్తుంది. పదహారేళ్లుగా ఇదే దారి. కిటికీ అవతల ఎర్రమట్టి, కంది చేలు, మళ్లీ ఎర్రమట్టి. ఎవరో ఒకే కలను రోజూ ఆమెకు అప్పగించి, పూర్తి కాకముందే లాక్కుంటున్నట్టు ఉంటుంది.

తాండూరులో ఒక బడి ఆవరణలో, మాట ఆలస్యమైన పిల్లలకూ బుద్ధి నెమ్మదిగా ఎదిగే పిల్లలకూ ఆమె టీచరు. వాళ్లకు పాఠం చెవి గుండా పోదు, చేతి గుండా పోవాలి. అందుకే పాలిషు పట్టిన నాపరాతి ముక్కనూ పట్టని ముక్కనూ పక్కపక్కన పెట్టి నునుపు, గరుకు నేర్పుతుంది. కందులూ జొన్నలూ కలిపి పళ్లెంలో పోసి వేరు చేయిస్తుంది. పై ఆఫీసు నుంచి ఎప్పుడో ఒక ప్లాస్టిక్ బొమ్మల పెట్టె వచ్చింది. రెండు ఎండాకాలాలకే దానికి ఆమెకన్నా ముందు వయసు మీదపడింది.

ఆ వారం ఆమె పాత గొంగడి ముక్కలతో గొర్రెలు కుడుతోంది. అరచేతిలో పట్టే గొర్రెలు, పన్నెండు. అంజలి కోసం.

అంజలికి తొమ్మిదేళ్లు. కర్ణాటక సరిహద్దు పల్లె నుంచి నాయనమ్మ హన్మమ్మ వెంట బస్సులో వస్తుంది. రెండేళ్లయినా ఐదు దాకా లెక్క రాలేదు. సీసా మూతలు ముందు పెడితే తోసేస్తుంది. మందలో పుట్టి పెరిగిన పిల్ల, గొర్రెలనైతే లెక్కపెడుతుందేమోనని సుమిత్ర ఆశ. తొందర కూడా ఉంది, సోమవారం నాడు హన్మమ్మ ఒక మాట తేల్చేసింది.

"శనారం దాక చూస్త టీచరమ్మ. గప్పటికి గూడ ఏం రాకపోతె ఇగ తోల్కరాను. ఈ పిల్లనేసుకొని బస్సులెక్కి దిగుడుకు నా మోకాళ్లు పోతున్నయ్. మంద కాడ నా కండ్ల ముందుంటది."

"జర ఓపిక పట్టు అవ్వా."

"ఓపికనే పట్టిన. రెండేండ్లు."

ఇంతకుముందు ఇలా వెళ్లిపోయిన పిల్లల ముఖాలు ఆమెకు గుర్తున్నాయి. ఒక్కరూ తిరిగి రాలేదు.

గురువారానికి గొర్రెలు సిద్ధమయ్యాయి. శిక్షణలో చెప్పినట్టే పన్నెండూ ఒక్క కొలత, ఒక్క రంగు. వస్తువుల్లో తేడా ఉంటే పిల్లల చూపు లెక్క మీద నిలవదట. ఆయా ఈశ్వరమ్మ చీపురు ఆపి చూసింది.

"మీకు గొర్ల కాపర్ల సంఘంల సభ్యత్వం ఇయ్యాలె టీచరమ్మ. కుర్చి గిట్ల గూడ ఏస్తరు."

"కుర్చీ వేస్తే చాలు ఈశ్వరమ్మా, అందులోనే పండుకుంట."

సుమిత్ర గొర్రెలను వరసగా పెట్టి, వేలు చూపిస్తూ, "ఒకటి, రెండు..." అంది. అంజలి ఆ వేలిని పట్టుకుని కిందికి వంచేసింది. మళ్లీ చూపింది. మళ్లీ వంచేసింది. మూడోసారి పిల్ల గొర్రెలన్నిటినీ గుప్పిళ్లతో కప్పేసి ఏడుపు మొదలుపెట్టింది.

గుమ్మంలో కూర్చున్న హన్మమ్మ తల అడ్డంగా ఊపింది. "జీవాల మీద ఏలు పెట్టి లెక్క జెప్తరా ఎవలన్న? దిష్టి తగుల్తది. మా ఇంట్ల ఎవలు లెక్కబెట్టరు."

"మరి పొద్దుమీకి అన్నీ వచ్చినయో లేదో ఎట్ల తెలుస్తది?"

"మొకాలు చూస్తం. మీ పిల్లలు బడికి రాకపోతె మీకెర్క గాదా? గివేంది, అన్నిటికి ఒక్కటే మొకం. గివి గొర్లెట్లయితయ్?"

సుమిత్ర రెండు గొర్రెలను తీసి పక్కపక్కన పెట్టి చూసింది. రెండేళ్లు. అంజలి రికార్డులో 'సహకరించదు' అని ఎన్నిసార్లు రాసిందో. ఆ పిల్ల సహకరించలేదు నిజమే. తన మందకు దిష్టి తగలకుండా కాపాడుకుంది.

ఆ సాయంత్రం రైలులో చోటు దొరికింది. ఒక గొర్రెకు చెవి కత్తిరించింది. ఒకదాని ముఖానికి నల్ల గుడ్డ, ఒకదాని నుదుట తెల్ల దారం కుట్టింది. ఒకదాని కాలు పొట్టి చేసింది. ఎదురు సీటు ముసలాయన అడిగాడు, అమ్ముతావా అని. లేదంది. కళ్లు మండుతున్నాయి. సూది రెండుసార్లు వేలిలో దిగింది. శుక్రవారం అంజలి రాలేదు. ఆ రోజు మిగిలిన గొర్రెలన్నిటికీ తలా ఒక గుర్తు కుట్టింది.

శనివారం సుమిత్ర లెక్క మాట ఎత్తలేదు. ముందు పన్నెండు గొర్రెలనూ అంజలి ఒడిలో పోసి, ఆ పిల్ల ఒక్కొక్క ముఖమూ చూసుకునేదాకా ఆగింది. తరవాత నేల మీద రాతి ముక్కలతో దొడ్డి కట్టి, గుమ్మానికి పలకను తడకలా నిలబెట్టింది. అంజలి గొర్రెల్ని ఒక్కొక్కటే తీసుకుని, ముఖం చూసి, వీపు నిమిరి లోపలికి పంపింది. నల్లమొకం. కుంటిది. నుదుట చుక్కది. పదకొండూ అయిపోయాయి. చెవి తెగినది సుమిత్ర కొంగు చాటున ఉంది.

అంజలి పలక పట్టుకుంది. తడక వేయలేదు. దొడ్డిలోకి చూసింది, చాప కిందికి చూసింది, కందుల పళ్లెం ఎత్తి చూసింది. వచ్చి మళ్లీ పలక పట్టుకుని కూర్చుంది. వేయలేదు.

హన్మమ్మ మోకాళ్ల మీద చేతులానించి లేచింది.

"ఒకటి రాలె," అంది మెల్లగా. తరవాత సుమిత్ర వైపు చూసి, "జీవాన్ని దాస్తరా టీచరమ్మ? పాపం గాదా?"

సుమిత్ర చెవి తెగినదాన్ని తీసి ఇచ్చింది. అంజలి దాన్ని లోపల పెట్టి, తడక వేసి, ఆవులించింది. పని ముగిసిన మనిషి ఆవులింత అది.

హన్మమ్మ మనవరాలి నెత్తి మీద చెయ్యి పెట్టింది. "ఇది మంద కాడ కూసొని చూస్తనే ఉంటది. ఉట్టిగనే చూస్తదనుకున్న."

"నేను గూడ గట్లనే అనుకున్న అవ్వా."

"సోమారం బస్సు దొరికితె వస్తం. దొరకకపోతె బుధారం. ఆలిశమైందని కోపం జేస్తె మాత్రం రాం."

సుమిత్రకు సంతోషించాలని ఉంది. దానికి కావలసిన శక్తి ఒంట్లో ఎక్కడుందో తెలియలేదు. గోడకు వీపు ఆనించి, "బుధారమైన సరే," అంది.