ఎలుగుబంటికి అక్షరాలు

నానమ్మ పోయాక తెరవని కథల పుస్తకాన్ని మనవరాలు నిన్న తెచ్చింది. అందులోని ఎలుగుబంటి బొమ్మ ముందు పలక పెట్టి, "తాతా, ఎలుగును నువ్వు మాట్లాడించు" అంది.

చిన్నప్పుడు శాలిబండలో నాకు అక్షరాలు వచ్చేవి కావు. మన పలకలు, బలపాలు, మోకాళ్ల మీద దెబ్బలు మీకూ గుర్తుండే ఉంటాయి. పక్క పోర్షన్ పిల్ల మాత్రం ఇదే పుస్తకం తెచ్చి, "ఎలుగుకు చదువు రాదు, నువ్వే నేర్పు" అనేది. తప్పు రాస్తే ఎలుగు గొంతుతో, "గిట్ల రాస్తే నాకెట్ల సమజైతది భాయ్?" అని నవ్వించేది. ఎలుగుకు నేర్పుతూ నేను నేర్చుకున్నాను. పెద్దయ్యాక ఆ పిల్లనే పెళ్లి చేసుకున్నాను.

నిన్న గొంతు బొంగురు చేసి, "గిదేం అక్షరం మేడం?" అన్నాను.

"గట్ల కాదు తాతా. నానమ్మ ఎలుగుది ఇంకా లావు గొంతు."

మూడోసారికి ఒప్పుకుంది. ఎలుగుకు చూపిస్తూ 'అ' దిద్దడం మొదలుపెట్టింది.